యల్లాప్రగడ సుబ్బారావు గారు

పరీక్షయందు ఒకసారి తప్పినంతనే చదువు మాని నాపరాతి గనులకు పోవు బాలురను మేము కొలిమిగుండ్లలో చూచుచున్నాము. అట్టివారికిని, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని తలచి సుబ్బారావు గారి జీవితమును క్లుప్తముగ వ్రాయుచున్నాము.

వీరు 1895 సం॥ జనవరి 12వ తేదిని భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షయందు రెండుసార్లు తప్పి, మూడవసారి కృతార్థులైరి. వీరి సోదరు లిరువురు రక్తమును క్షీణింపజేయు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. వీరు మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. అచట ఖద్దరు ధరించుటచే ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, పూర్తి పట్టమునకు మారుగ ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే పొందిరి.

1923లో అమెరికా దేశమునకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున జేరిరి. అచట ఫిస్కే గారితో గూడి, జీవకణములకు శక్తి నొసగు ఏ.టి.పి. అను పదార్థమును కనుగొని 1929లో ప్రకటించిరి. అయినను వారికచట స్థిరమైన యుద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధశాలకు పోయిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను హరించిన వ్యాధికే అది మందయ్యెను.

ఎముకల మూలుగలో రక్తకణములు హద్దు లేక పెరుగుటయే ల్యుకీమియా. ఫోలిక్ ఆమ్లమును బోలి, దాని పని నడ్డగించు మందులను వీరి బృందము సిద్ధపరచెను. బోస్టనులో ఫార్బరు వైద్యుడు వానిలో నొకదానిని రోగపీడితులైన పిల్లల కీయగా, కొందరికి కొంతకాలము వ్యాధి శాంతించెను. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు తమ 53వ యేట న్యూయార్కులో మృతినొందిరి.

వారి మందులలో మెథోట్రెక్సేట్ అనునది తరువాత మరియొక విధముగ నుపయోగపడెను. రోగి మూలుగను నశింపజేసి, దాత మూలుగను ఎక్కించు చికిత్స గలదు. దానిని నెలకొల్పిన థామస్ గారికి 1990లో నోబెల్ బహుమానము లభించెను. దాత కణములు రోగి దేహముపై తిరుగబడకుండ ఈ మందును స్వల్పముగ నిత్తురు.

ఇట్లు బ్రతికిన రోగి రక్తము దాత మూలుగనుండి పుట్టును గనుక, అందలి జన్యుచిహ్నములు దాతవే. రక్తవర్గము సహితము దాతదిగా మారవచ్చును. బుగ్గలోపలి కణములలో ఇరువురి చిహ్నములును కలిసియుండును. తలవెండ్రుకల మూలము సామాన్యముగ రోగి స్వంత చిహ్నములనే చూపును. కావున రక్తమును మాత్రమే పరీక్షించినచో, తండ్రి తన కన్నబిడ్డకే తండ్రి కాడని తేలవచ్చును. దాత చేయని నేరము దాతపై పడవచ్చును. అట్టి చికిత్స పొందినవారు పరీక్షకులకు ఆ సంగతి ముందుగ తెలుపవలెను. పరీక్షకులును వేరొక భాగమునుగూడ పరీక్షింపవలెను.

ఒక్క పరీక్షను బట్టి మనుష్యుని నిర్ణయింపరాదని ఇందువలన తెలియుచున్నది. సుబ్బారావు గారి బడి పరీక్షయు అట్టిదే. రెండవసారి తప్పిననాడు ఆయన చదువు మానియుండినచో, ఈ మందులకు ఆయన చేసిన సేవ లోకమునకు లేకపోయెడిది. తప్పిన బాలునకు తల్లిదండ్రులు మరియొక సంవత్సరము గడువిత్తురుగాక యని మా మనవి.