మహబూబ్ అలీ ఖాన్

మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866 ఆగష్టు 17 - 1911 ఆగష్టు 29) హైదరాబాదు సంస్థానాన్ని పాలించిన ఆరవ నిజాము. చార్మినారు బొమ్మ గల వెండి రూపాయి ఇతని కాలంలోనే వెలువడింది.

బాల్యం, పాలన

తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో మరణించగా, మూడేళ్ళైనా నిండకముందే మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. మొదటి సాలార్ జంగ్, పైగా ప్రభువైన షంసుల్ ఉమ్రా రాజప్రతినిధులుగా వ్యవహరించారు. శంషాబాదుకు ఆ పేరు షంసుల్ ఉమ్రా బిరుదు వల్లనే వచ్చిందని చెబుతారు. 1884లో వైస్రాయి రిప్పన్ ఇతనికి పూర్తి అధికారాలు అప్పగించాడు. 1908 మూసీ వరదలు ఇతని పాలనలోనే సంభవించాయి.

హాలీ సిక్కా

1857 తిరుగుబాటు తరువాత హైదరాబాదు నాణేలపై మొగలు చక్రవర్తి పేరు పోయి ఆసఫ్ జా పేరు వచ్చింది. అనేక సంస్థానాలు సొంత నాణేలను వదులుకున్నా హైదరాబాదు వదులుకోలేదు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానం.

మహబూబ్ తొలినాళ్ళ రూపాయలు చేతితో ముద్రించినవి. అచ్చు బిళ్ళకంటె పెద్దది కావడంతో అక్షరాలు కొన్ని అంచున తెగిపోయేవి. తరువాత యంత్రంపై ముద్రించిన చర్ఖీ నాణేలు, హిజ్రీ 1321 (1903-04) నుండి చార్మినారు నాణేలు వచ్చాయి. వీటిపై రాజు బొమ్మ ఉండదు. ఆసఫ్ జా అన్నది వంశ బిరుదు కనుక దానిని బట్టి రాజెవరో తెలియదు. చార్మినారు ద్వారంలోని చిన్న 'మీమ్' అక్షరమే మహబూబ్ గుర్తు.

రకాలను గుర్తించడం

హిజ్రీ 1329 (1911)లో ఇద్దరు నిజాములు పాలించారు. కావున ఆ సంవత్సరపు నాణెం దొరికినపుడు సేకర్తలు ముందుగా ద్వారంలోని అక్షరాన్ని, వెనుకవైపు పాలనా సంవత్సరాన్ని చూస్తారు. 'ఐన్' అక్షరం, 1 అంకె ఉంటే అది కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. ఇందులోనూ మొదట పొట్టి 'ఐన్', 1330లో నిండు 'ఐన్' వచ్చాయి. ఈ అక్షరం స్పష్టంగా నిలిచిన నాణేలకు విలువ ఎక్కువ.

మరణం

నగరానికి దక్షిణాన, శంషాబాదు విమానాశ్రయం దిక్కున ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ మరణించాడు. సమాధి మక్కా మసీదులో ఉంది. ఇతడు ప్రవేశపెట్టిన చార్మినారు బొమ్మ కుమారుని నాణేలపైనా కొనసాగింది. హాలీ సిక్కా 1959 వరకు చెలామణిలో ఉంది.