డొక్కలు నింపిన డొక్కా సీతమ్మ

పి.గన్నవరం: వేళ కాని వేళ వచ్చిన చుట్టానికి విసుక్కోకుండా అన్నం పెట్టిన ఇల్లాలిని గోదావరి జిల్లాల పెద్దలు డొక్కా సీతమ్మగారితో పోలుస్తారు. ఆమె కన్నుమూసి నూరేళ్ళు దాటింది. పేరు మాత్రం జనం నోట నిలిచింది. అయితే ఆ వంట, ఆ మర్యాద ఆమెకు ఎక్కడ అబ్బాయో, వాటి కోసం ఆమె ఏమేమి వదులుకున్నారో ఎరిగినవారు నేటి పిల్లల్లో తక్కువ.

బువ్వన్నగారి ఇంట

సీతమ్మగారు 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. 1832-33 నాటి నందన కరువును జనం ఇంకా మరచిపోలేదు. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనకు రెండేళ్ళే అయింది. ఆనకట్ట పూర్తయిన 1852 నాటికి సీతమ్మగారికి పదేళ్ళు దాటాయి. అంటే వానలు కురిస్తే పంట, లేకుంటే పస్తు అన్న కాలంలో ఆమె బాల్యం గడిచింది.

అటువంటి రోజుల్లో భవానీశంకరంగారు ఇంటికి వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారు. అందుకే ఊరివారు ఆయన అసలు పేరు పక్కన పెట్టి బువ్వన్న అని పిలుచుకున్నారు. బువ్వ అంటే పసిపిల్లలు మొదట నేర్చే మాటల్లో ఒకటి. ఒక మనిషికి అంతకన్నా గొప్ప బిరుదు ఏముంటుంది?

సీతమ్మగారు చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. ఆడుకోవలసిన వయసులో ఇంటి బరువు మీద పడింది. పల్లెల్లో ఆడపిల్లలకు చదువు చెప్పించే వాడుక లేని కాలం అది. వంటిల్లే ఆమెకు బడి అయింది.

ఆనాటి వంట నేటి వంట కాదు. మీట తిప్పితే వెలిగే పొయ్యి లేదు, ఈల వేసే కుక్కరు లేదు. ధాన్యం దంచాలి, చెరగాలి, నీళ్ళు మోయాలి. కట్టెల పొయ్యి ఊదుతూ పొగలో కళ్ళు నలుపుకుంటూ ఎసరు పెట్టాలి, గంజి వార్చాలి. పదిమందికి వండడం ఒక ఎత్తు. ఎందరు వస్తారో, ఎప్పుడు వస్తారో తెలియకుండా వండడం మరొక ఎత్తు. వచ్చినవారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వాలి, విస్తరి వేయాలి, మొహమాటపడేవారిని గమనించి మారు వడ్డించాలి. వండడం చేతులతో నేర్చుకోవచ్చు గాని, ఎదుటివారి ఆకలి వారి ముఖం చూసి పోల్చుకోవడం ఒకరు చెబితే వచ్చేది కాదు. తల్లిలేని ఆ పిల్ల తండ్రి పంక్తిలో వడ్డిస్తూ దానిని నేర్చుకుంది.

జోగన్నగారి సంబంధం

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు వేదం చదివిన పండితులు, భూవసతి గల రైతు. పండిత సభకు వెళ్ళి తిరిగి వస్తూ ఆయన మండపేటలో ఆగి, భోజనానికి భవానీశంకరంగారి ఇంటికి వెళ్ళారని చెబుతారు. అక్కడ సీతమ్మగారి వినయం, అతిథి మర్యాద చూసి ముచ్చటపడ్డారు. ఆ పరిచయమే సంబంధమైంది. అలా ఒక అన్నదాత ఇంటి పిల్ల మరొక అన్నదాత ఇంటి కోడలైంది.

డొక్క అంటే మన వాడుకలో కడుపు. మెట్టినింటి పేరుకు తగినట్టు ఆ తరువాత జీవితమంతా ఆమె నింపినవి డొక్కలే.

లంకల దారి

గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో లంకల నుంచి, రాజోలు వైపు నుంచి రాకపోకలకు పడవలే దిక్కు. పడవ తప్పితే ఒడ్డున పడిగాపులు పడాలి. వరద వస్తే పడవలు కూడా ఆగిపోయేవి. దారిలో డబ్బిచ్చి తినడానికి హోటళ్ళు లేవు. మూటలో తెచ్చుకున్నది అయిపోతే పస్తే.

అటువంటి రేవు దారిలో ఒక ఇంటి తలుపు వేళాపాళా లేకుండా తెరచి ఉండడం ఎంత పెద్ద సంగతో బాటసారులకే తెలుసు. యాత్రికులు, వ్యాపారులు, కూలీలు, పెళ్ళివారు ఎవరు వచ్చినా సీతమ్మగారు కులం, గోత్రం అడగకుండా అన్నం పెట్టారని చెప్పుకుంటారు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి వెలిగించేవారట. ఒకసారి వరద రాత్రి అవతలి లంక నుంచి ఆకలి కేక వినిపిస్తే, ఆ చీకట్లోనే జోగన్నగారు పడవ మీద అన్నం తీసుకువెళ్ళారన్న కథ నేటికీ చెబుతారు.

ఇక్కడ జోగన్నగారి పాత్రను మరువరాదు. రోజూ ఇంతమందికి అన్నం పెడితే ఎంతటి గాదె అయినా తరిగిపోతుంది. ఆస్తి కరిగిపోతున్నా ఆయన భార్య చేతిలోని గరిటె లాక్కోలేదు. ఆ ఇంట్లో అన్నదానం ఇద్దరి వ్రతం.

అంతర్వేది దారిలో

సీతమ్మగారిని గురించి ఎక్కువమంది చెప్పుకునే కథ అంతర్వేది ప్రయాణం. ఎన్నాళ్ళ నుంచో నరసింహస్వామిని చూడాలన్న కోరిక ఆమెది. పొయ్యి విడిచి కదలడానికి తీరిక దొరకలేదు. చివరకు ఒకసారి పల్లకిలో బయలుదేరారు. దారిలో ఆగినచోట ఒక పెళ్ళి బృందం కనిపించింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కాస్త ఓర్చుకుంటే గన్నవరం చేరుతామని, అక్కడ సీతమ్మగారి ఇంట్లో అన్నం దొరుకుతుందని పెద్దలు వారిని సముదాయిస్తున్నారు. పక్కన పల్లకిలో ఉన్నది ఆమేనని వారికి తెలియదు.

ఆమె ఆ మాటలు విన్నారు. స్వామి దర్శనం మరొకసారి చేసుకోవచ్చు గాని ఆకలికి వాయిదా లేదని తలచారు. పల్లకి వెనుకకు తిప్పించి, పెళ్ళివారికన్నా ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. ఆ బృందం వచ్చేసరికి భోజనం సిద్ధంగా ఉంది. ఎన్నాళ్ళో ఎదురుచూసిన యాత్ర అలా సగంలో ఆగింది.

చక్రవర్తి పిలుపు

ఆమె కీర్తి సముద్రాలు దాటింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ ఉత్సవాలకు రావలసిందిగా సీతమ్మగారికి ఆహ్వానం వచ్చిందని, ఆమె వెళ్ళలేదని చెబుతారు. తాను వెళితే గన్నవరం వచ్చేవారికి అన్నం ఎవరు పెడతారన్నది ఆమె దిగులు. పేరు కోసం చేస్తున్న పని కాదన్నది ఆమె నమ్మకం.

ఆమె రాకపోతే కనీసం ఫోటో అయినా పంపాలని అధికారులకు ఉత్తరువు వచ్చిందట. దానికి కూడా ఆమె మొదట ఒప్పుకోలేదు. ఫోటో పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పని కలెక్టరు బతిమాలగా, తన మూలంగా ఒకరి నోటి కూడు పోకూడదని సరే అన్నారట. నేడు మనం చూస్తున్న ఆమె రూపం అలా దక్కిందే. ఆమె సేవను మెచ్చుకుంటూ ప్రభుత్వం ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది.

1909 ఏప్రిల్ 28న సీతమ్మగారు తనువు చాలించారు.

నిలిచిన పేరు

గన్నవరం వద్ద వైనతేయ మీద బ్రిటిషు కాలంలో కట్టిన పాత అక్విడక్టు స్థానంలో 2000లో కొత్తది వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టారు. ఒకనాడు పడవ కోసం పడిగాపులు పడిన ఏటిని నేడు జనం ఆమె పేరుగల వంతెన మీద దాటుతున్నారు. అదే కట్టడం మీదుగా అవతలి లంక పొలాలకు నీరు పోతోంది. అన్నం పెట్టిన తల్లి పేరు పంట పండించే నీటికి పెట్టడం సముచితంగా ఉంది.

2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరు పెట్టింది. ఆ పొయ్యిల దగ్గర పొగలో, చెమటలో పనిచేసే వంట అక్కచెల్లెళ్ళు ఈ కథ తెలుసుకోవాలి. అంతకన్నా ముందు, వారు పెట్టిన అన్నం తినే పిల్లలకు మాస్టర్లు దీనిని చెప్పాలి. పేరు పెట్టినందుకు పప్పు పలచన కాకుండా, అన్నం పలుకు కాకుండా చూసే పూచీ అధికారులది. నీళ్ళ చారు పోసి సీతమ్మగారి పేరు చెప్పుకుంటే అది ఆమెకు మర్యాద కాదు.

నేడు మన ఇళ్ళలో గాదెలు లేవు, రేవుల్లో పడవ కోసం రాత్రంతా కాచుకునేవారూ తక్కువే. అయినా ఎండన పడి వచ్చిన మనిషిని భోంచేశారా అని అడిగే అలవాటు ఈ లంకల్లో ఇంకా పోలేదు. అలా అడిగి ఊరుకోకుండా విస్తరి వేసిన ప్రతి ఇల్లూ సీతమ్మగారి ఇల్లే.