వికారుల్ ఉమ్రా

నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా (1856 - 1902) హైదరాబాదు సంస్థానంలో పైగా వంశానికి చెందిన ప్రభువు. ఇతని అసలు పేరు ముహమ్మద్ ఫజలుద్దీన్ ఖాన్. ప్రభువుల గౌరవము అని అర్థమిచ్చే ఈ బిరుదు అరబ్బీ మూలము కలది. తెలుగులోని వికారము అనే మాటతో దీనికి సంబంధం లేదు. ఇతడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ సోదరిని వివాహమాడాడు. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాణం ప్రారంభించాడు. 1893 నుండి 1901 వరకు సంస్థానానికి దివానుగా పనిచేశాడు. ప్యాలెస్ వ్యయం వలన అప్పులపాలై, చివరకు దానిని నిజాముకే అప్పగించాడు.

భవనం చేజారినా బిరుదు నిలిచింది. వికారాబాదు పట్టణానికి ఇతని పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. 2016 అక్టోబరు 11న పట్టణం పేరుతోనే జిల్లా ఏర్పడింది. ఆ విధంగా జిల్లాలోని కోట్‌పల్లి వంటి గ్రామాల చిరునామాలలోనూ ఈ పేరు చేరింది.