పాఠం 11 : దుర్గాబాయి దేశ్‌ముఖ్ – సేవకు చదువు తోడైన జీవితం

11.1 పరిచయం

పెళ్ళి వల్లనో, పేదరికం వల్లనో, ఇంటి బాధ్యతల వల్లనో చదువు మధ్యలో మానేసినవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మీరూ వారిలో ఒకరు కావచ్చు. మళ్ళీ పుస్తకం పట్టుకున్నప్పుడు, ఇప్పుడు చదివి ఏం లాభం అనే సందేహం కలగడం సహజం. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివి, ఆ చదువును దేశసేవకు వినియోగించిన ఒక మహిళ జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• దుర్గాబాయి జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• ఆమె తిరిగి చదువుకోవడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• సంఘసేవకు శిక్షణ ఎందుకు అవసరమో తెలుసుకుంటారు.

11.2 బాల్యం

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళ వయసులోనే ఆమెకు పెళ్ళి చేశారు. ఊహ తెలిసిన తరువాత ఆమె ఆ కాపురానికి వెళ్ళడానికి ఇష్టపడలేదు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు.

పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టడం నచ్చక ఆమె బడి మానేశారు. అయితే నేర్చుకోవడం మానలేదు. హిందీ నేర్చుకుని, బాలికలకు హిందీ నేర్పే పాఠశాలను తానే ప్రారంభించారు. 1923లో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభలో స్వచ్ఛంద సేవికగా పనిచేశారు. అక్కడి ప్రదర్శనశాల వద్ద టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోపలికి వెళ్ళనీయలేదు. నియమం అందరికీ ఒకటేనన్న ఆమె పట్టుదలకు ఇది తొలి నిదర్శనం.

11.3 జైలు నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. మద్రాసులో సత్యాగ్రహంలో పాల్గొన్నందుకు ఆమెను అరెస్టు చేశారు. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వెల్లూరు, మదురై జైళ్ళలో ఉన్నారు.

అక్కడ ఆమె సాధారణ మహిళా ఖైదీలను దగ్గరగా చూశారు. వారిలో చాలామందికి చదువు రాదు. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఏం చెప్పుకోవాలో కూడా తెలియదు. వారి పక్షాన వాదించేవారూ లేరు. అందువల్ల చేయని నేరానికి శిక్ష అనుభవించేవారూ ఉండేవారు. వారి మీద ఆమెకు జాలి కలిగింది. కాని జాలి వల్ల వారి కేసు మారదు. వారికి సాయపడాలంటే చట్టం తెలియాలి, చట్టం తెలియాలంటే చదవాలి. ఆమె తిరిగి చదువుకోవాలని నిశ్చయించుకోవడానికి ఇదే కారణం.

పాఠ్యాంశ ప్రశ్నలు 11.1
1. దుర్గాబాయి పాఠశాల చదువు ఎందుకు ఆగిపోయింది?
2. జైలులోని మహిళల దుస్థితికి ఆమె గుర్తించిన కారణాలేవి?

11.4 విశ్వవిద్యాలయంలో

జైలు నుంచి విడుదలైన తరువాత ఆమె కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు సొంతంగా చదివి ఉత్తీర్ణులయ్యారు. అక్కడే ఇంటర్మీడియట్ కూడా పూర్తిచేశారు. తరువాత రాజనీతిశాస్త్రం చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళారు.

అక్కడ ఒక చిక్కు ఎదురైంది. స్త్రీలకు వసతిగృహం లేదు. ఆ కారణంగా ఆమెను చేర్చుకోవడానికి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి సందేహించారు. దుర్గాబాయి వెనుదిరగలేదు. వసతి లేకనే చదువుకు దూరమైన యువతులు తనను సంప్రదించాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. కొందరు ముందుకు వచ్చారు. వారితో కలిసి ఒక వసతిగృహాన్ని ఏర్పాటుచేసుకున్నారు. అలా ఆమెకూ, వారికీ విశ్వవిద్యాలయ ప్రవేశం లభించింది. 1939లో బి.ఎ. ఆనర్సు పూర్తిచేశారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాది అయ్యారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు ఆగిపోయిన స్త్రీలను మెట్రిక్యులేషన్‌కు తయారుచేయడం అక్కడి తొలి పనులలో ఒకటి. తాను నడిచిన దారినే ఆమె ఇతరులకు చూపించారు.

11.5 దేశస్థాయిలో సేవ

1946లో ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. 1952లో ప్రణాళికా సంఘంలో చేరారు. 1953 జనవరిలో ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి ఆమె తొలి అధ్యక్షురాలు. బోర్డు స్వచ్ఛంద సంస్థలకు ధనసహాయం చేసేది. గ్రామాలలో బాలవాడీలు, ప్రసూతి సేవలు, వృత్తి శిక్షణ వంటి పనులు చేపట్టింది.

ఆ పనులలోనే ఒక లోటు బయటపడింది. గ్రామాలలో పనిచేయడానికి గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు కావాలి. ఆ ఉద్యోగాలకు కనీస విద్యార్హత ఉండాలి. గ్రామీణ స్త్రీలలో అంత చదువుకున్నవారు అరుదు. అందుకే 1958లో బోర్డు వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. పాఠశాలలో ఏళ్ళ తరబడి సాగే చదువును రెండేళ్ళలో పూర్తిచేయించడం వీటి పద్ధతి. వితంతువులు, భర్త వదిలేసినవారు, పేద గృహిణులు వీటి ద్వారా చదువుకుని తమ కాళ్ళ మీద తాము నిలబడే అవకాశం కలిగింది. 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు.

11.6 సంఘసేవ – ఒక అధ్యయన విషయం

సేవకు మంచి మనసు చాలదా అని మీరు అడగవచ్చు. మన దేశంలో సంఘసేవను శాస్త్రీయంగా బోధించే తొలి సంస్థ 1936లో బొంబాయిలో టాటా ట్రస్టు సహాయంతో మొదలైంది. 1946లో లక్నోలో ప్రారంభమైన మరో పాఠశాల 1947లో ఢిల్లీకి మారి, తరువాత ఢిల్లీ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఈ కోర్సులలో తరగతి పాఠాలతోపాటు క్షేత్రస్థాయి పని తప్పనిసరి. విద్యార్థులు బస్తీలు, ఆసుపత్రులు, గ్రామాలకు వెళ్ళి, ప్రజల సమస్యలను వారితో కలిసి అర్థంచేసుకుంటారు.

దుర్గాబాయి ఇటువంటి కోర్సు చదవలేదు. ఆమెకు జైలే క్షేత్రం. అక్కడ చూసిన సమస్య ఆమెను తరగతి గదికి పంపింది. తరగతి గదిలో నేర్చినది తిరిగి ప్రజల దగ్గరకు చేర్చింది. 1968లో వెలువడిన భారత సంఘసేవా విజ్ఞాన సర్వస్వం రూపకల్పనలో ఆమె ప్రధాన పాత్ర వహించారు.

1975లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న మరణించారు. స్త్రీలకు వసతి లేదని ఆమెను చేర్చుకోవడానికి సందేహించిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే తరువాతి కాలంలో ఆమె పేరుతో మహిళా అధ్యయన కేంద్రం వెలసింది.

11.7 మీరు నేర్చుకున్నవి
• చదువు ఆగిపోవడం చదువుకు ముగింపు కాదు.
• అవకాశం లేనప్పుడు, దానిని నలుగురితో కలిసి కల్పించుకోవచ్చు.
• సేవాభావానికి జ్ఞానం, శిక్షణ తోడైతేనే సేవ ఫలిస్తుంది.

11.8 పాఠాంత ప్రశ్నలు
1. వసతిగృహం సమస్యను దుర్గాబాయి ఎలా పరిష్కరించారు? ఇందులో ఆమె స్వభావం ఎలా వ్యక్తమవుతుంది?
2. సంక్షిప్త విద్యా కోర్సుల అవసరం ఎందుకు కలిగింది?
3. మీ ఊరిలో చదువు మానేసిన ఇద్దరితో మాట్లాడండి. వారు మానడానికి కారణాలు, తిరిగి చదవడానికి కావలసిన సహాయం గురించి పది వాక్యాలు రాయండి.