మట్టిలోని మందు: యల్లాప్రగడ సుబ్బారావు

తొలకరి చినుకులు పడినంతనే వంశధార, నాగావళి, చంపావతి నదుల తీరములందు శ్రీకాకుళ, విజయనగర మండలముల రైతులు పొలములకు బయలుదేరుదురు. తడిసిన నేలనుండి ఆ సమయమున కమ్మని వాసన లేచును. ఆ వాసనకు ముఖ్యకారణము మట్టిలో నివసించు ఒక జాతి సూక్ష్మజీవులు. కంటికి కానరాని ఆ జీవులు బూజువలె సన్నని దారములుగా పెరుగును. వానిలో కొన్ని తమ చుట్టునున్న ఇతర క్రిములను అణచివేయగల రసములను స్రవించును. అట్టి రసములలో ఒకదానిని వెదకి తీసి, రోగులకు ఔషధముగా అందించిన పరిశోధక బృందమునకు నాయకుడు మన తెలుగువాడే. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారిది పెద్ద సంసారము, రాబడి తక్కువ. బాల్యమున సుబ్బారావు చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షయందు ఆయన రెండుమారులు తప్పి, మూడవమారు ఉత్తీర్ణుడయ్యెను. అయినను తల్లి పట్టు విడువలేదు. కుమారుడు చదువవలసినదే యని ఆమె నిశ్చయము.

పిదప ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. ఆ కుటుంబమును అప్పుడొక ఘోర విపత్తు చుట్టుముట్టెను. గ్రహణి జాతికి చెందిన స్ప్రూ అను వ్యాధి సోకి ఆయన సోదరులిరువురు కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆ రోగము పట్టినవానికి తిన్న ఆహారము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, శరీరము కృశించును. ఆనాటి వైద్యులకు దానిని కుదుర్చు మార్గము తెలియదు. కన్నులయెదుట అన్నదమ్ములు పోవుచుండగా వైద్యవిద్యార్థియై యుండియు ఏమియు చేయలేకపోయిన ఆ యువకుని హృదయమున ఆ దుఃఖము చెరగని ముద్ర వేసెను.

అవి స్వదేశీ ఉద్యమపు దినములు. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావు ఖద్దరుతో కుట్టించిన అంగీని ధరించి శస్త్రచికిత్స తరగతికి పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కంటగింపయ్యెను. ఫలితముగా, ఇతర విషయములందు రాణించినను ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టము దక్కలేదు; అంతకు తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యోద్యోగము దొరకకపోగా, ఆయన మద్రాసులో డాక్టరు లక్ష్మీపతి నడపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రమును బోధించెను. చెట్లు, వేళ్లు, ఆకులు మొదలగువానిలో దాగియున్న ఔషధగుణమును రసాయన శాస్త్రముతో పరిశీలించవలెనను కోరిక అక్కడ ఆయనయందు బలపడెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోను, మామగారి ఆదరువుతోను ఆయన అమెరికాలోని బోస్టను నగరమునకు పోయెను. భార్య శేషగిరి స్వదేశముననే నిలిచిపోయెను. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, రాత్రులందు ఆసుపత్రిలో చిన్న కొలువు చేసి సుబ్బారావు పొట్ట పోసికొనెను.

హార్వర్డులో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి ఆయన రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించెను. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర అది నేటికిని శాస్త్రజ్ఞులకు సుపరిచితము. కండరములకు శక్తినొసగు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వారు 1927లో గుర్తించిరి. 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా కనుగొన్నట్లే, వీరును ఎ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. నడచుట, పరుగెత్తుట మొదలుగా జీవకోటి చేయు పనులన్నిటికి శక్తి అందుండియే లభించును. 1930లో సుబ్బారావు డాక్టరేటు పట్టమును పొందెను. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలన్నిటికి నాయకుడయ్యెను. సోదరులను బలిగొన్న వ్యాధిని ఆయన మరువలేదు. రక్తవృద్ధికి అవసరమైన ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందము వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారు చేయగలిగెను. ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినోప్టెరిన్ అను మందును గూడ వారు తయారు చేసిరి. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు కేన్సరు పీడితులైన పసిపిల్లలకు ఆ మందు నిచ్చి, వారిలో కొందరికి తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. కేన్సరును మందులతో ఎదిరించు చికిత్సకు అది తొలి మెట్లలో ఒకటి.

ఇక మట్టి సంగతి. 1928లో ఫ్లెమింగు ఒక బూజునుండి పెనిసిలిన్ కనుగొనెను. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో మట్టిలోని సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్ లభించెను. అవి గొప్ప మందులే. కాని ఒక్కొక్కటి కొన్ని క్రిములను మాత్రమే అణచగలదు. అనేకజాతుల క్రిములను ఒక్కటే అణచగలిగి, నోటితో మ్రింగుటకు వీలైన మందు కావలెనని సుబ్బారావు బృందము సంకల్పించెను. డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరు ఆ వెదకులాటకు పూనుకొనెను. పలుచోట్లనుండి మట్టి తెప్పించిరి. ఆ మట్టిని నీటిలో కలిపి పలుచజేసి, పోషక పదార్థముపై పరచి, అందు మొలచిన జీవులను ఒక్కొక్కదానినే వేరుచేసి పెంచిరి. వాని రసమును క్రిములకు తగిలించి చూచిరి. ఎచ్చట క్రిములు పెరుగక ఖాళీ ఏర్పడునో అచ్చట మందున్నదని గుర్తు. తరువాత ఆ రసము ప్రాణులకు హానిచేయదని తేలవలెను. అనేకములు ఈ పరీక్షలలో వీగిపోయెను.

చివరకు మిస్సోరి విశ్వవిద్యాలయమువారి శాన్‌బర్న్ పొలమునుండి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు ఛాయగల ఒక జీవి దొరకెను. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ అనియు, దానినుండి తీసిన మందునకు ఆరియోమైసిన్ అనియు పేరిడిరి. 1948 జూలైలో న్యూయార్కున దానిని శాస్త్రజ్ఞులయెదుట ప్రకటించిరి. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు అదియే మొదటిది.

అట్టి మందునకును హద్దు కలదు. క్రిములను అణచునే గాని, శిలీంధ్రముల వలన కలుగు రోగములను అది కుదుర్పలేదు. పైగా క్రిములు నశించినచోట శిలీంధ్రములు విజృంభించుటయు కలదు. ఆ లోపమును తీర్చినదియు మట్టియే. ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ అను ఇరువురు విదుషీమణులు వర్జీనియాలోని ఒక పొలపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి నిస్టాటిన్ అను శిలీంధ్రనాశక ఔషధమును తీసి 1950లో ప్రకటించిరి.

సుబ్బారావు బృందపు మరియొక మందు మన ఉత్తరాంధ్రకు మిక్కిలి సన్నిహితము. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందు బోదకాలు చిరకాలముగా ప్రజలను పీడించిన వ్యాధి. మురికినీటిలో పెరుగు దోమల వలన సన్నని పురుగులు రక్తమున చేరి, ఏండ్లు గడచిన పిదప కాలు ఏనుగు కాలువలె ఉబ్బును. కూలి చేసికొని బ్రతుకువారికి కాలు పోయినచో బ్రతుకుతెరువే పోవును. ఆ పురుగులను చంపు హెట్రజాన్ అను మందును సుబ్బారావు బృందము 1947లో వెలువరించెను. ఇది మట్టినుండి తీసినది కాదు, ప్రయోగశాలలో నిర్మించినది. డి.ఇ.సి. అను పేర ఇదే మాత్రను 2004 నుండి ప్రభుత్వము జాతీయ కార్యక్రమముగా ఇంటింటికి పంచిపెట్టెను. ముదిరి ఉబ్బిన కాలిని అది మామూలుగా చేయలేదు. కాని ముందుగా మ్రింగినచో రక్తమునందలి పురుగులను తగ్గించి వ్యాధి వ్యాప్తిని అరికట్టును.

ఆరియోమైసిన్‌ను ప్రకటించిన కొలది వారములకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిదురలోనే కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. ఆయన బృందము కనుగొన్న మందులను ఎరిగినవారు కోట్లమంది; ఆయన పేరెరిగినవారు కొందరే. పరిశోధన ఫలించినపుడు కీర్తిని సహచరులకు విడిచి, తాను వెనుక నిలుచుట ఆయన స్వభావము. ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు ఆయన పేర సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణము చేసిరి. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన స్మారక తపాలా బిళ్లను వెలువరించెను.

స్ప్రూ వ్యాధికి నేటి వైద్యులు ఇచ్చు చికిత్స ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. మొదటిదానిని తయారు చేసినది సుబ్బారావు బృందము; రెండవది అదే బృందము వెలికితీసిన బంగారు మందు వంశములోనిది. తన సోదరులకు అందని మందు లోకమున అందరి సోదరులకు అందవలెనని జీవితమంతయు శ్రమించిన ఆ మహనీయుడు తెలుగుబిడ్డలకు చిరస్మరణీయుడు.