సవర పిల్లల మాస్టారు గిడుగు

పర్లాకిమిడి: వాడుక భాష ఉద్యమకారుడిగా గిడుగు వెంకట రామమూర్తి తెలియనివారుండరు. అంతకుముందే ఆయన సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు.

1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషకు అప్పటికి లిపి లేదు. తెలుగూ వచ్చిన ఓ సవరను ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు రాశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టించారు. సవర కుర్రాళ్లకు తన ఇంట్లోనే అన్నం పెట్టి, చదువు చెప్పి పంతుళ్లను చేశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బళ్లు పెట్టమన్నారు.

అర్థంకాని పాఠం ముందు ఎంత చురుకైన పిల్లాడైనా మొద్దులా కనిపిస్తాడు. తోటివాళ్లు నవ్వుతారు. అదే తన ఇంటి మాట పుస్తకంలో కనిపిస్తే తలెత్తుకుంటాడు. పక్కవాడూ ఆ మాటను గౌరవించడం నేర్చుకుంటాడు. గిడుగువారి బళ్లు నేర్పిన నీతి పాఠం ఇదే.

1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. దాన్ని వ్యతిరేకించిన గిడుగు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషగా ఎదిగే సరిహద్దు పిల్లలకు ఆయన ఇప్పటికీ సొంత మాస్టారే.