కమలా నింబకర్

భారతదేశంలో ఆక్యుపేషనల్ థెరపీ అనే విద్యకు పునాది వేసిన మహిళ ఈ గడ్డపై పుట్టినవారు కారు. ఎలిజబెత్ లండీ 1900లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జన్మించారు. విష్ణు నింబకర్ అనే మహారాష్ట్ర యువకుని వివాహమాడి, 1930లో భారతదేశానికి వచ్చి, కమల అనే పేరుతో మన దేశపు కోడలయ్యారు. పేరు మార్చుకొనుట సులభం. ఆ పేరును నిలబెట్టే పని దొరకుట కష్టం. ఆ పని ఆమెకు లభించేసరికి వయస్సు నలభై దాటింది.

ఆ వయస్సులో ఆమె మరల విద్యార్థినియై, ఫిలడెల్ఫియాలో ఈ శాస్త్రాన్ని అభ్యసించారు. తెలుగులో దీనిని వృత్తి చికిత్స అంటున్నాము గాని, ఆ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. రోగికి ఉద్యోగం నేర్పుట దీని ప్రధాన ధ్యేయం కాదు. పక్షవాతంతో చేయి పడిపోయిన మనిషి మరల తన చేతితో అన్నం కలుపుకొని తినగలగాలి. చొక్కా గుండీలు తానే పెట్టుకోగలగాలి. మంచాన పడినవానికి ఇంతకంటె పెద్ద కోరిక ఏముంటుంది? అందుకు మగ్గము, రంపము, మట్టిముద్ద, పిల్లవాని బొమ్మ, అన్నీ ఔషధాలే. రోగి మగ్గం ముందు కూర్చున్నపుడు నేసిన గుడ్డ ఎంత అని గాక, భుజం ఎంత లేచింది, వేళ్లు ఎంతవరకు ముడుచుకున్నాయి అని గమనించేవారే ఈ చికిత్సకులు.

1950లో బొంబాయి పరేలులోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె కృషితో ఈ విద్యకు పాఠశాల వెలసింది. ఆసియాలో అదే మొట్టమొదటిదని ప్రతీతి. ఈ చదువు ఒక్కరు చెప్పగలది కాదు. శరీర నిర్మాణం వైద్యుడు బోధించాలి. పనిలోని మెలకువ చేతిపనివాడు చూపాలి. విద్యార్థి రోగి సరసన కూర్చుని ఓర్పు అలవరచుకోవాలి. 1958లో నాగపూరులో మరొక పాఠశాల ఏర్పడింది.

చదివి బయటకు వచ్చినవారు తలొక ఆసుపత్రిలో ఒంటరులై పోకూడదు గదా! 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం అవతరించింది. కమలగారు దాని తొలి అధ్యక్షురాలు. అదే ఏడు ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినపుడు, దాని పది వ్యవస్థాపక దేశాలలో భారతదేశం ఒకటి. మన దేశంలో ఈ విద్యకు అప్పటికి రెండేళ్ల ప్రాయమే! తరువాత ఆమె 'జర్నల్ ఆఫ్ రిహాబిలిటేషన్ ఇన్ ఏషియా' అనే పత్రికకు సంపాదకత్వం వహించారు. పొరుగు దేశాలవారి అనుభవాలు ఒకరికొకరికి అందాలన్న ఆలోచన ఆ పత్రిక పేరులోనే ఉన్నది.

కమలగారు 1979లో పరమపదించారు. మహారాష్ట్రలోని ఫల్టణ్ పట్టణంలో 1986లో ఆరంభమైన ఒక బడికి కమలా నింబకర్ బాలభవన్ అని పేరు పెట్టారు.